కామెర్ల వైరసు చెప్పు వలసల చరిత్ర

క్రొత్తగా కనిపించిన రోగమునకు పరదేశీయుల పేరు పెట్టుట మానవజాతికి పాత అలవాటు. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి రాకతోపాటు మన దేశమునకు వచ్చిన సుఖవ్యాధిని భావప్రకాశ గ్రంథకర్త ఫిరంగ రోగమనెను. తెలుగువారు పరంగి వ్యాధి యనిరి. దానికి మందుగా వాడిన మూలిక పేరు పరంగిచెక్క. ఆ పేరు పచారీ కొట్లలో నేటికిని వినవచ్చును. అదే వ్యాధిని ఫ్రెంచివారు నేపుల్సు రోగమనగా, నేపుల్సువారు ఫ్రెంచి రోగమనిరి. 1918 నాటి విషజ్వరము స్పెయిను దేశమున పుట్టినదనుటకు ఆధారము లేకపోయినను, ఆ దేశము పేరునే మోసినది.

ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున, విజ్ఞానశాస్త్రము ఇంత పెరిగిన తరువాత కూడ, ఇట్టి నామకరణము మరియొకటి జరిగినది. కాలేయమునకు సోకి కామెర్లను, ఒక్కొక్కప్పుడు క్యాన్సరును కలిగించు వైరసు యొక్క మొదటి గుర్తును శాస్త్రజ్ఞులు 'ఆస్ట్రేలియా ప్రతిజనకము' అని పిలిచిరి. ఆస్ట్రేలియాకు ఆ వైరసుతో ప్రత్యేక సంబంధమేమియు లేదు. ఆ దేశపు ఆదిమవాసి యొకని రక్తములో అది మొదట కనిపించుటయే ఈ పేరునకు కారణము. ఆ వైరసునే నేడు హెపటైటిస్ బి వైరసు అనుచున్నాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2022లో ప్రపంచమున 25 కోట్ల 40 లక్షల మంది దీనిని దీర్ఘకాలముగా మోయుచుండిరి. ఆ సంవత్సరమే దాదాపు 11 లక్షల మంది దీనివలన మరణించిరి. మన దేశమున మోయువారు ఇంచుమించు 3 కోట్లు.

ఈ వైరసు చరిత్రకును, మనుష్యులు ఒక చోటు విడిచి మరియొక చోటికి పోయిన చరిత్రకును గల సంబంధము ఈ వ్యాసమునకు విషయము. ఆ సంబంధము మొదటినుండియే ఉన్నది. 1950లో బరూక్ బ్లూంబెర్గ్ అను అమెరికను వైద్యవిద్యార్థి దక్షిణ అమెరికాలోని సురినామ్ దేశమున మోయెంగో అను గని పట్టణమునకు పోయెను. అల్యూమినియపు ఖనిజము త్రవ్వు ఊరది. చెరకు తోటలలో పనిచేయుటకు డచ్చివారు తెచ్చిన ఆఫ్రికా బానిసల సంతతివారు, 1873 నుండి ఒప్పంద కూలీలుగ ఓడలపై వచ్చిన భారతీయుల సంతతివారు, జావా ద్వీపమువారు, చీనావారు, అడవులలోని మూలవాసులు అందరును ఆ దేశమున పక్కపక్కనే నివసించుచుండిరి. ఒకే దోమలు అందరిని కుట్టుచున్నను బోదకాలు మాత్రము అందరికి ఒకే తీరున రాకుండుటను బ్లూంబెర్గ్ గమనించెను. ఒకే చోట నివసించువారిలో ఒక జాతికి ఎక్కువగను, మరియొక జాతికి తక్కువగను రోగమేల వచ్చును? ఈ ప్రశ్నయే అతనిని తరువాత పదునైదేండ్లు నడిపించినది.

దీనికి సమాధానము రక్తములోని మాంసకృత్తుల వంశపారంపర్య భేదములలో దొరకునని అతని యూహ. అందుచే దేశదేశముల ప్రజల రక్తరసిని సేకరించి భద్రపరచెను. పరీక్షా విధానము చాల సులభమైనది. గాజుపలకపై అగర్ పొరను పోసి, దానిలో చిన్న చిన్న గుంటలు చేయుదురు. ఒక గుంటలో పలుమార్లు ఇతరుల రక్తము ఎక్కించుకొన్న రోగి యొక్క రసిని, చుట్టునున్న గుంటలలో వివిధ దేశస్థుల రసులను పోయుదురు. ఇతరుల రక్తములోని క్రొత్త పదార్థములకు ఎదురుగ ఆ రోగి శరీరము ప్రతిరక్షకములను తయారుచేసి యుండును. రసులు అగర్ లో మెల్లగా వ్యాపించి, ప్రతిరక్షకము తనకు తగిన ప్రతిజనకమును కలిసికొన్న చోట సన్నని గీత ఏర్పడును. 1963లో బ్లూంబెర్గ్, అతని సహచరుడు హార్వే ఆల్టర్ (ఇతనికి 2020లో హెపటైటిస్ సి పరిశోధనకు నోబెల్ బహుమానము వచ్చినది) అట్టి గీతనొకదానిని చూచిరి. అది న్యూయార్కులోని హీమోఫీలియా రోగి రసికిని, ఆస్ట్రేలియా ఆదిమవాసి రసికిని నడుమ ఏర్పడినది.

ఇచ్చట ఒక చిత్రమైన పొరపాటు జరిగినది. ఈ ప్రతిజనకము అమెరికాలోని ఆరోగ్యవంతులలో బహు అరుదు. ఆసియాలోను, ఉష్ణమండలములోను కొన్ని జాతులలో చాల సామాన్యము. కుటుంబములలో గుంపులుగ కనిపించుచున్నది. కావున ఇది కన్నుల రంగువలె వంశపారంపర్యముగ వచ్చు లక్షణమని బ్లూంబెర్గ్ బృందము తలచినది. 1966లో డౌన్ సహలక్షణము గల ఒక రోగి రక్తము మరల పరీక్షింపగా, మొదట లేని ప్రతిజనకము రెండవసారి కనిపించినది. పుట్టుకతో వచ్చు లక్షణము నడుమ ఎట్లు వచ్చును? ఆ రోగి కాలేయమునకు అప్పుడే స్వల్పముగ వాపు వచ్చినట్లు పరీక్షలు తెలిపినవి. పిమ్మట ఆ ప్రయోగశాలలో పనిచేయు సహాయకురాలికే కామెర్లు వచ్చి, ఆమె రక్తమునను అదే కనిపించెను. ఇది అంటువ్యాధి గుర్తేయని 1968 నాటికి అమెరికా, జపాను దేశములలోని ఇతర పరిశోధకులు కూడ నిర్ధారించిరి. 1970లో డేన్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో పూర్తి వైరసు కణమును చూచెను. బ్లూంబెర్గునకు 1976లో నోబెల్ బహుమానము లభించినది.

ఆ పొరపాటు నవ్వదగినది కాదు. కుటుంబములలో ప్రాకు అంటురోగము వంశలక్షణమువలె కనిపించుట సహజము. అంతకంటె ముఖ్యమేమనగా, ఈ వైరసు నిజముగనే తల్లినుండి బిడ్డకు, అన్ననుండి తమ్మునికి సోకుచు, ఒక విధముగ ఇంటిపేరువలె తరతరములకు సాగును. వలసల చరిత్రను ఇది చెప్పగలుగుట ఈ గుణమువలననే.

రక్తముద్వారా ప్రయాణము

కామెర్లు అన్నియు ఒకటి కావు. కలుషిత జలమువలన వచ్చునవి వేరు, రక్తమువలన వచ్చునవి వేరు. ఈ రెండవ జాతి సంగతి లోకమునకు మొదట తెలిపినది జర్మనీలోని బ్రేమెన్ నగరపు నౌకానిర్మాణశాల. అచ్చట 1883లో 1,289 మంది పనివారికి మశూచి టీకాలు వేసిరి. ఆ టీకా మందు మనుష్యుల చేతిపొక్కులనుండి తీసిన రసముతో తయారైనది. తరువాతి నెలలలో వారిలో 191 మందికి కామెర్లు వచ్చినవి. వేరొక మందుతో టీకా వేయించుకొన్నవారికి రాలేదు. లూర్మన్ అను వైద్యుడు 1885లో ఈ సంగతిని ప్రకటించి, తప్పు టీకా మందులోనే యున్నదని తర్కించెను. వైరసులనుగూర్చి ఎవరికిని తెలియని ఆ దినములలో, కేవలము లెక్కలు చూచి ఇంత స్పష్టముగ చెప్పుట మెచ్చదగిన పని.

ఆ పాఠమును లోకము మరచినది. 1942లో అమెరికా సైనికులకు వేసిన పచ్చజ్వరపు టీకా మందులో, అది చెడిపోకుండుటకై మనుష్యుల రక్తరసిని కలిపిరి. దాదాపు 50,000 మంది సైనికులు కామెర్లతో ఆసుపత్రుల పాలైరి. నలుబదియేండ్ల తరువాత నాటి సైనికుల రక్తమును పరీక్షించి, సుమారు 3,30,000 మందికి ఆనాడు హెపటైటిస్ బి సోకియుండునని అంచనా వేసిరి. 1947లో మక్కాలమ్ అను బ్రిటిష్ వైద్యుడు నీటివలన వచ్చుదానికి ఎ అనియు, రక్తమువలన వచ్చుదానికి బి అనియు పేర్లు పెట్టెను.

ఆ సైనికులలో అత్యధికులు పూర్తిగ కోలుకొనిరి, వైరసు వారి శరీరమునుండి తొలగిపోయినది. ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో నొక్కి చెప్పవలెను. పెద్దవానికి సోకినచో వైరసు నిలిచిపోవుట నూటికి అయిదుగురికంటె తక్కువమందిలోనే. పుట్టినప్పుడు తల్లినుండి సోకిన శిశువులలో మాత్రము నూటికి తొంబదిమందిలో అది జీవితాంతము నిలిచిపోవును. శిశువు రక్షణవ్యవస్థ దానిని శత్రువుగ గుర్తింపదు. గుర్తింపదు గనుక పోరాటముండదు, పోరాటము లేదు గనుక కామెర్లుండవు. ముప్పది నలుబదియేండ్లు ఆరోగ్యవంతునివలె తిరిగిన పిదప కాలేయము గట్టిపడుట, క్యాన్సరు బయటపడుట జరుగును. ఊరు విడిచి, ఓడలెక్కి, వేరొక దేశమున స్థిరపడి, మనుమలనెత్తినవాడు కూడ తాను ఉయ్యాలలో తెచ్చుకొన్న వైరసును తనకే తెలియక మోయుచుండును.

3,200 అక్షరముల పుస్తకము

ఈ వైరసు జన్యుపదార్థము వలయాకారపు డి.ఎన్.ఏ. దాని పొడవు ఇంచుమించు 3,200 న్యూక్లియోటైడులు మాత్రమే. మానవ జన్యుసముదాయమున అట్టివి 300 కోట్లకు పైగా ఉన్నవి. ఇంత చిన్న పుస్తకములోనే తనకు కావలసిన మాంసకృత్తులన్నిటిని వ్రాసికొనుటకు వైరసు ఒకే పంక్తిని రెండు విధములుగ చదువును. అనగా జన్యువులు ఒకదానిపై నొకటి పరచుకొనియుండును. నకలు వ్రాయునప్పుడు ఇది మొదట ఆర్.ఎన్.ఏ. గా మారి, దానినుండి తిరిగి డి.ఎన్.ఏ. అగును. ఈ తిరుగుదారిలో అక్షరదోషములు దొరలును, వాటిని సరిదిద్దువారు లేరు. తరములు గడచిన కొలది దోషములు పేరుకొనును. ఒకే మూలగ్రంథమునకు వేరువేరు ఊళ్ళ లేఖకులు వ్రాసిన తాటాకు ప్రతులను పోల్చి, ఏ ప్రతి దేనినుండి వచ్చినదో పరిష్కర్తలు తేల్చినట్లే, ఈ వైరసుల నకళ్ళను పోల్చి శాస్త్రజ్ఞులు వంశవృక్షములను గీయుదురు.

1970 తరువాతి దశకమున వైరసుపై పొరలోని ప్రతిజనక భేదములనుబట్టి కొన్ని ఉపజాతులను గుర్తించిరి. కాని ఆ పద్ధతి స్థూలమైనది. 1988లో జపానుకు చెందిన ఒకమోటో బృందము పూర్తి జన్యుక్రమములను పోల్చి, రెండు వైరసుల నడుమ నూటికి 8 పాళ్ళకు మించి భేదమున్నచో, అనగా 3,200 అక్షరములలో సుమారు 250 అక్షరములు వేరైనచో, వాటిని వేరు జన్యురూపములుగ లెక్కించవలెనని నియమము పెట్టినది. అప్పటికి నాలుగు తేలినవి: ఎ, బి, సి, డి. తరువాత ఇ, ఎఫ్, జి, హెచ్ వచ్చినవి. ఐ, జె అనునవి 2008, 2009 సంవత్సరములలో చేరినవి. (హెపటైటిస్ బి లోని బి వేరు, జన్యురూపము బి వేరు. ఈ పేర్ల గందరగోళమునకు విద్యార్థులు శాస్త్రజ్ఞులనే నిందింపవలెను.)

ఈ జన్యురూపములకు దేశములున్నవి. బి, సి లు తూర్పు ఆసియా, ఆగ్నేయాసియాలవి. డి మధ్యధరా తీరమునుండి పశ్చిమాసియా మీదుగ మన దేశమువరకు పరచుకొన్నది. భారతదేశమున దీనిదే ప్రాబల్యము, దాని తరువాత ఎ, తూర్పు భాగమున కొంత సి. ఎ లోని ఒక శాఖ ఉత్తర ఐరోపాది, మరియొక శాఖ ఆఫ్రికాది. మన దేశమునను అదియే కనిపించును. తూర్పు ఆఫ్రికాకును పశ్చిమ భారతమునకును నడుమ సాగిన హిందూ మహాసముద్రపు వర్తకమే దానిని ఇచ్చటికి చేర్చెనని కొందరు పరిశోధకుల ఊహ. ఇ పశ్చిమాఫ్రికాది. ఎఫ్, హెచ్ లు అమెరికా ఖండపు మూలవాసులవి.

హైతీ ప్రశ్న

ఈ భూగోళపటమును చేతబట్టుకొని చరిత్రను చదివినచో అన్నియు సరిగా కుదురునని తోచును. కాని ఒకచోట పటము ఎదురు తిరిగినది. అది అన్నిటికంటె ఆసక్తికరమైన చోటు.

హైతీ ద్వీపవాసులలో అత్యధికులు ఆఫ్రికానుండి ఫ్రెంచివారు బానిసలుగ తెచ్చినవారి సంతతి. పదునెనిమిదవ శతాబ్దమున లక్షలాదిమందిని, ముఖ్యముగ పశ్చిమాఫ్రికా, మధ్యాఫ్రికా తీరములనుండి, ఓడలలో కుక్కి అచ్చటి చెరకు తోటలకు తెచ్చిరి. 1791లో బానిసలు తిరుగబడిరి. 1804లో హైతీ స్వతంత్రమైనది. ఆపై ఆఫ్రికానుండి వలస ఆగిపోయినది. కావున హైతీ ప్రజల రక్తములోని వైరసు పదునెనిమిదవ శతాబ్దపు ఆఫ్రికా వైరసునకు సీలువేసిన నమూనా వంటిది.

నేటి పశ్చిమాఫ్రికాలో సెనెగల్ మొదలు అంగోలావరకు జన్యురూపము ఇ రాజ్యమేలుచున్నది. హైతీలోను అదే ఉండవలెను గదా? 2009లో ప్రకటింపబడిన పరిశోధనలో అచ్చట దొరికినవి అధికముగ ఎ లోని ఆఫ్రికా శాఖలు. ఇ బహు స్వల్పము. హైతీలో కనిపించిన ఎ శాఖలలో ఒకదానికి దగ్గరి బంధువులు నేటి ఆఫ్రికాలో అరుదుగ, పశ్చిమ తీరపు కొన్ని ప్రాంతములలో మాత్రము మిగిలియున్నవి. బ్రెజిలులోని ఆఫ్రికా సంతతివారిలోను ఎ యే ప్రబలము. అమెరికా ఖండములలో అక్కడక్కడ కనిపించు ఇ జాడలు ఇటీవలి కాలపు రాకలుగ భావింపబడుచున్నవి.

ఇంకొక సాక్ష్యము కలదు. అంత విశాల ప్రదేశమున వ్యాపించిన ఇ నమూనాలలో పరస్పర భేదము చాల తక్కువ. చిరకాలమునుండి ఉన్న వైరసైనచో ఊరికొక తీరుగ మారియుండవలెను. ఈ రెండును కలిపి చూచినచో తేలునది ఇది: బానిసల ఓడలు బయలుదేరిన కాలమున పశ్చిమాఫ్రికాలో ఇ ఇంతగ వ్యాపించియుండలేదు. గత రెండు వందల యేండ్లలో అది పెరిగినది. ఇంత శీఘ్రముగ ఎట్లు పెరిగెను? వలసపాలన కాలమున సామూహికముగ జరిగిన సూదిమందుల కార్యక్రమములలో, చక్కగ మరిగింపని సూదులే కారణమని కొందరి యూహ. ఇది నిరూపితము కాదు; కాని బ్రేమెన్ పనివారిని తలచుకొన్నవారికి అసంభవమని తోచదు.

బానిసలుగ తేబడినవారి పేర్లు ఓడల లెక్కల పుస్తకములలో చాలవరకు లేవు. సరకువలె సంఖ్యలే యున్నవి. వారు మోసికొనివచ్చిన వైరసు మాత్రము నేటికిని వారి మునిమనుమల రక్తములో ఆ తీరముల జాడను చెప్పుచున్నది.

ఇంతకంటె పాత సాక్ష్యములును దొరకినవి. పాతిపెట్టిన మనుష్యుల దంతములలో వైరసు డి.ఎన్.ఏ. నిలిచియుండుననియు, దానిని చదువవచ్చుననియు 2018లో రెండు బృందములు ప్రకటించినవి. అందులో జర్మనీలో దొరికిన ఒక నమూనా సుమారు 7,000 యేండ్లనాటిది. 2021లో 137 పురాతన నమూనాలను పోల్చిన పరిశోధకులు, నేటి జన్యురూపములన్నిటి మూలపురుషుడు 20,000 నుండి 12,000 యేండ్ల క్రిందట ఉండెనని లెక్కగట్టిరి. ఆసియానుండి అమెరికా ఖండమునకు నడచిపోయిన తొలి మానవులతోపాటే ఎఫ్, హెచ్ ల పూర్వరూపము అచ్చటికి చేరినది. ఐరోపాలో వ్యవసాయమును తెచ్చిన వలసప్రజలు తమ వైరసును గూడ తెచ్చిరి. వేటాడి బ్రతికిన పాతవారి వైరసు మాసిపోయినది. ఇటలీలోని నేపుల్సులో పదునారవ శతాబ్దపు పసిబాలుని శవము ఎండి భద్రమై యున్నది. దాని ముఖముపైని మచ్చలు చూచి మశూచి యని చిరకాలము తలచిరి. 2018లో పరీక్షింపగా మశూచి జాడలేదు, హెపటైటిస్ బి, జన్యురూపము డి కనిపించెను.

కాందిశీకుల బిడ్డలు

1975లో వియత్నాము యుద్ధము ముగిసినది. తరువాతి సంవత్సరములలో వియత్నాము, లావోస్, కంబోడియాలనుండి లక్షలాది కాందిశీకులు పడవలపైని, కాలినడకను బయలుదేరి, శిబిరములలో కాలము గడపి, అమెరికా, ఫ్రాన్సు, కెనడా, ఆస్ట్రేలియాలకు చేరిరి. వారి రక్తమును పరీక్షించిన అమెరికా వైద్యులకు నూటికి పదిమందికి పైగా ఈ వైరసును మోయుచున్నట్లు తేలినది. ఆ దేశపు సామాన్య జనములో అది నూటికి ఒకటికంటె తక్కువ. పత్రికలలోను, పాఠశాలలలోను ఆందోళన కలుగుట ఆశ్చర్యము కాదు.

అప్పటికి టీకా సిద్ధమైనది. రోగవాహకుల రక్తమునుండి తీసి శుద్ధిచేసిన మొదటి టీకాను 1981లో అమెరికా ప్రభుత్వము అనుమతించినది. ఈస్టు కణములలో తయారుచేసిన రెండవ తరపు టీకా 1986లో వచ్చినది. టీకా ఎవరికి వేయవలెను? అపాయకర వర్గములను ఏరి వారికి వేయుట చాలునని 1982లో నిర్ణయించిరి. గర్భిణులలోను ఆసియా, ఆఫ్రికా, హైతీ మొదలగు వంశములవారిని ఏరి పరీక్షింపుడని 1984లో చెప్పిరి. వంశమును చూచి ఏరుట కాగితముపై చక్కగ కనిపించినది గాని ఆసుపత్రిలో పనిచేయలేదు. వైరసును మోయు తల్లులలో పెద్ద భాగము ఆ జల్లెడలోనుండి జారిపోయినది. 1988లో గర్భిణులనందరిని పరీక్షింపవలెనని మార్చిరి.

అది కూడ చాలదని కాందిశీకుల బిడ్డలే తెలిపిరి. అమెరికాలో పుట్టిన ఆగ్నేయాసియా కుటుంబముల పిల్లలను పరీక్షించి 1989లో ప్రకటించిన అధ్యయనములో, తల్లి వైరసును మోయకున్నను బిడ్డలకు సోకినట్లు కొన్ని ఇండ్లలో కనిపించినది. ఒకే ఇంట ఆడుకొను పిల్లల గీరులు, పుండ్లు, పంచుకొను చిన్న వస్తువులు దారియైనవి. తల్లిని పరీక్షించి ఊరకున్నచో ఈ పిల్లలకు రక్షణ లేదు. 1991లో అమెరికాలో పుట్టిన ప్రతి శిశువునకును టీకా వేయవలెనని నిర్ణయించిరి. ఇటలీ కూడ ఆ సంవత్సరమే శిశువులకును, పండ్రెండేండ్ల పిల్లలకును టీకాను నిర్బంధము చేసినది. తైవాను ఇంకను ముందుచూపుతో 1984లోనే ప్రారంభించెను.

తైవాను తొందరకు కారణము కలదు. బీజ్లీ అను అమెరికను వైద్యుడు అచ్చట 22,707 మంది ప్రభుత్వోద్యోగులను కొన్ని యేండ్లు గమనించి 1981లో ఫలితములు ప్రకటించెను. వారిలో 41 మందికి కాలేయ క్యాన్సరు రాగా, 40 మంది వైరసును మోయువారే. పొగాకునకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధముకూడ ఇంత గట్టిది కాదు.

ఇక అందరును అడుగు ప్రశ్న: వలస వచ్చినవాడు ఈ రోగమును స్థానికులకు అంటించుచున్నాడా? పూర్వము దీనికి అభిప్రాయములే సమాధానములు. జన్యుక్రమములు వచ్చిన పిదప సాక్ష్యము దొరకినది. ఆమ్‌స్టర్‌డామ్ నగరమున 1992 నుండి 1997 వరకు క్రొత్తగ రోగమువచ్చినవారి వైరసులను పోల్చిచూడగా, అవి వేరువేరు గుంపులుగ విడిపోయినవి. స్థానిక పురుషులలో లైంగిక సంబంధములద్వారా ప్రాకుచున్నది ఎ రూపమునకు చెందిన ఒక గుంపు. వలస కుటుంబములలోనివి డి, ఇ మొదలగు వారి స్వదేశ రూపములు. ఒక గుంపునుండి మరియొక గుంపునకు దాటినది తక్కువే. అనగా నగరములో ఒకే వైరసు కాదు, అనేక ప్రవాహములు పక్కపక్కనే పారుచున్నవి; మొత్తముమీద ఎవరి వైరసు వారిదే. అమెరికాలోని 17 కాలేయ వైద్యకేంద్రములలో 694 మంది రోగులను పరీక్షించి 2003లో ప్రకటించినదియు ఇట్టిదే: ఎ 35 శాతము, సి 31, బి 22, డి 10. శ్వేతజాతివారిలోను, ఆఫ్రికా సంతతివారిలోను ఎ అధికము. ఆసియావారిలో బి, సి. రోగి పుట్టిన దేశమునుబట్టి జన్యురూపమును చాలవరకు ఊహింపవచ్చును.

కనుక అపాయము ప్రధానముగ వలసవచ్చినవానికే, వాని బిడ్డలకే. ఇరుగుపొరుగువారికి కాదు. కలిసి భోజనము చేసినందునగాని, కరచాలనము చేసినందునగాని, ఒకే బెంచీపై కూర్చున్నందునగాని ఇది సోకదు.

జన్యురూపము తెలిసికొనుట చరిత్రకు మాత్రమే కాక చికిత్సకును పనికివచ్చును. సి సోకినవారిలో కాలేయము గట్టిపడుట, క్యాన్సరు వచ్చుట బి సోకినవారికంటె ఎక్కువ. ఇంటర్ఫెరాన్ చికిత్సకు ఎ, బి లు లొంగినంతగ సి, డి లు లొంగవు. అలాస్కా మూలవాసులలో అయిదు జన్యురూపములు ఒకేచోట ఉండుటచే వాటిని పోల్చుట సాధ్యమైనది. రక్తమున వైరసు ఉధృతముగనుండు దశ ఎ, బి, డి, ఎఫ్ సోకినవారిలో సగముమందికి ఇరువదియేండ్లలోపే ముగియగా, సి సోకినవారిలో అది నలుబదియేడేండ్లవరకు సాగుచున్నదని 2007లో తేలినది. స్త్రీ బిడ్డలను కను వయస్సంతయు ఆ దశలోనే గడచును. తూర్పు ఆసియాలో తల్లినుండి బిడ్డకు సోకుట అంత సామాన్యమగుటకు ఇదియొక కారణము. ఆఫ్రికాలోను, మన దేశములోను బాల్యమున తోటిపిల్లలనుండి సోకుట అధికము.

టీకాకు మాత్రము ఈ భేదములతో పనిలేదు. వైరసు పైపొరలో అన్ని జన్యురూపములకు సామాన్యమైన భాగమొకటి కలదు. టీకావలన పుట్టు ప్రతిరక్షకములు ముఖ్యముగ దానినే పట్టుకొనును. విదేశీ టీకా సామాన్యునికి అందని ధరలో ఉన్న దినములలో, హైదరాబాదులో కె. ఐ. వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో మన దేశపు మొదటి పునస్సంయోజక టీకాను విడుదల చేసి ధరను నేలకు దించినది. జాతీయ టీకాల కార్యక్రమమున ఇది 2002లో ప్రయోగాత్మకముగ ప్రారంభమై, 2011–12 నాటికి దేశమంతట విస్తరించినది.

అంతకుముందు పుట్టినవారికి, అనగా నేడు ఉద్యోగములకై దేశములు దాటుచున్న వయస్సువారిలో చాలమందికి, బాల్యమున ఈ టీకా లేదు. అమెరికాకు పోయినవారికిని, గల్ఫుకు పోవువారికిని ఈ పరీక్ష ఎదురగు తీరులో భేదము గమనింపదగినది. నూటికి ఇద్దరుగాని అంతకుమించిగాని వైరసును మోయు దేశములలో పుట్టిన వారినందరిని పరీక్షింపవలెనని అమెరికా ఆరోగ్యశాఖ 2008లో చెప్పినది. భారతదేశము ఆ పట్టికలోనిదే. అచ్చట పరీక్ష ఉద్దేశము చికిత్స, ఇంటివారికి టీకా. గల్ఫ్ సహకార మండలి దేశములకు కూలికి పోవు కరీంనగరు, నిజామాబాదు ప్రాంతముల యువకునికి వైద్యపరీక్షలో ఈ ప్రతిజనకము కనిపించినచో అనర్హుడను ముద్ర పడును. వానికి జ్వరము లేదు, కామెర్లు లేవు. తనలో ఏమున్నదో, ఇకపై ఏమి చేయవలెనో చెప్పువారు తరచుగ ఉండరు. అప్పుచేసి కట్టిన సొమ్ము మాత్రము పోవును. ఆరు నెలలకొకసారి కాలేయ పరీక్ష, అవసరమైనచో దినమునకొక మాత్ర, భార్యాబిడ్డలకు టీకా: ఇంతే వానికి కావలసినది. పరీక్ష జరిపినవారు ఈ నాలుగు మాటలు చెప్పుట కష్టము కాదని నా అభిప్రాయము.

చివరగ, జన్యురూపములలో కడపటిదైన జె సంగతి. 2009లో ఇది ప్రకటింపబడినది. దొరకినది జపానులోని ఒక వృద్ధ రోగి రక్తమున. వానికి కాలేయ క్యాన్సరు. జపానులో సామాన్యమైనవి సి, బి. ఈ వైరసు వాటివంటిది కాదు, మరి యే మానవజాతిలోనిదియు కాదు. బోర్నియో అడవులలోని ఒరాంగుటాన్, గిబ్బన్ వానరముల వైరసులకు దగ్గరగనున్నది. విచారింపగా ఆ వృద్ధుడు రెండవ ప్రపంచ యుద్ధకాలమున బోర్నియోలో ఉండినట్లు తెలిసినది.